నెత్తురు రాని చిగుళ్లు

వసంతంలో వచ్చే కొత్త సంవత్సరపు సెలవుల్లో షీరాజ్‌కు వరదొచ్చి, ఖురాన్ ద్వారం దగ్గర కార్లు ఒకదాని మీదొకటి ఎక్కిన ఏడాది అది. ఆ వసంతంలోనే ఇస్ఫహాన్‌లో ఎండిపోయిన నది జాయందే రూద్‌కు మళ్లీ నీళ్లొచ్చాయి. ఊరు ఊరంతా వంతెనల మీదికి పరుగెత్తింది. యదుల్లా పొగ మానేసిందీ అప్పుడే. ఊరికి గుర్తున్నది నది. నుస్రత్‌కు గుర్తున్నది యదుల్లా.

నుస్రత్‌ది బజారులో రాగి, ఇత్తడి పని. యదుల్లా గజ్ మిఠాయి కొట్టులో పాకం తిప్పుతాడు. ఇద్దరికీ అరవై దాటాయి. కుర్రతనంలో ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర నై నేర్చుకున్నారు.

ఇస్ఫహాన్ వాళ్ల నై పెదవి మీద పెట్టి ఊదేది కాదు. ఆ రెల్లు గొట్టం అంచును పైవరస ముందు పళ్లు రెండింటి మధ్య ఇరికించాలి. వెనక నుంచి నాలుకతో గాలిని నడపాలి. పన్ను లేనివాడికి నై లేదు. అందుకే శిష్యుణ్ని చేర్చుకునే ముందు ఉస్తాద్ నోరు తెరవమనేవాడు. సంతలో గుర్రాన్ని బేరమాడేవాడిలా పళ్లు చూసేవాడు. నుస్రత్ పళ్లు చూసి "సరే" అన్నాడు. యదుల్లా పళ్లు చూసి "ఆహా" అన్నాడు. ఉస్తాద్ పోయాడు. సరేకీ ఆహాకీ మధ్య తేడా మాత్రం నుస్రత్ గొంతులో చేపముల్లులా అలాగే ఉండిపోయింది.

అయినా ఇద్దరూ విడిపోలేదు. సాయంత్రమైతే ఒకే టీ కొట్టు, ఒకే బల్ల, ఒకే హుక్కా. గొట్టం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయేది. ఇంటికెళ్లే దారిలో సిగరెట్లు వేరే. పొగ విషయంలోనైనా ఇద్దరూ సమానమే అని నుస్రత్‌కు ఒక నిమ్మళం ఉండేది.

కొత్త సంవత్సరం పండుగ వెళ్లాక ఒకరోజు హుక్కా గొట్టం యదుల్లా చేతికిచ్చాడు. యదుల్లా పీల్చకుండానే తిరిగిచ్చేశాడు.

"ఏరా, ఉపవాసమా?"

"మానేశాను."

"చావు దగ్గరపడ్డవాళ్లు మానేస్తార్రా పొగ."

"అందుకే మానేశాను. నీకంటే వెనకాల పోదామని."

టీ కొట్టంతా నవ్వింది. నుస్రత్ నవ్వలేదు. వీడు మానేసింది ఒంటి కోసం కాదు, నన్ను దాటి పోవడం కోసం అని అక్కడే లెక్క కట్టేసుకున్నాడు.

నది చూద్దామని పెళ్లాం తూబా పోరుపెడితే ఒక శుక్రవారం ఆమెను ఖాజూ వంతెనకు తీసుకెళ్లాడు. ఆ వంతెన కింది కమానుల్లో సాయంత్రాలు పాడేవాళ్లు చేరతారు. ఆ రోజు ఒక కమాను కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో యదుల్లా. నుస్రత్ స్తంభం వెనకే ఆగిపోయాడు.

నైలో కింది స్వరాలే కష్టం. పొగ తాగేవాడికి అక్కడ గాలి ఎక్కువ పోతుంది, నాదం తక్కువొస్తుంది. యదుల్లా కింది స్వరం ఆ రోజు పాకం తీగ సాగినట్టు సాగింది, తెగలేదు. రాతి కప్పు దాన్ని పట్టుకుని తిరిగి నీళ్ల మీదికి వదిలింది. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

తూబా అడిగింది, "ఏమయ్యా, ఇతను ఇంత బాగా ఎప్పట్నుంచి వాయిస్తున్నాడు?"

"ఎప్పుడూ వాయిస్తాడు."

"లేదు. ఇదివరకు నీలాగే వాయించేవాడు."

నుస్రత్ ఫ్లాస్కులో టీ పోసుకుని, చక్కెర గడ్డను టీలో ముంచడం కూడా మరిచి కసిక్కున కొరికాడు. ముందు పన్ను కదిలింది.

అలా కదలడం అదే మొదలు కాదు. రెండేళ్లుగా ముందు పళ్లు రెండూ అలిగిన తోడికోడళ్లలా ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి. సందు పెరిగితే నై అంచు ఆగదు, జారుతుంది. దీనికి నుస్రత్ తన పనితనంతోనే ఉపాయం చేశాడు. నై నోటి దగ్గర ఇత్తడి కట్టు ఉంటుంది. ఊళ్లో అందరి నైలకూ ఆ కట్లు వేసేది అతనే. యదుల్లా నైకి వేసిందీ అతనే, గోరంత పలచని రేకుతో. తన నైకి మాత్రం సందు పెరిగిన కొద్దీ రేకు మీద రేకు వేసి మందం చేసుకుంటూ వచ్చాడు. సంచిలోంచి నై తీసేటప్పుడు ఆ కట్టుకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. మందం పెరిగిన ఇత్తడి ఆ పళ్లను ఇంకా తోస్తుందని అతనికి తోచలేదు. తోచినా ఆపేవాడు కాదేమో.

వాయింపు అయ్యాక యదుల్లా ఒడ్డున కుళాయి దగ్గరికెళ్లి నోరు పుక్కిలించాడు. తూబా పోయి పలకరించమంటే నుస్రత్ కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. యదుల్లా ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏంట్రా అది?"

"చిగుళ్లు. పొగ మానేసిన కాణ్నుంచీ ఇదే వరస. తోమితే నెత్తురు, ఆపిల్ కొరికితే నెత్తురు."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిస్తున్నా. కంగారు పడొద్దంటోంది డాక్టరమ్మ."

"అయ్యో" అన్నాడు నుస్రత్.

ఆ అయ్యో పెదాల దాకానే. కడుపులో మాత్రం చల్ల పోసినట్టయింది. ఇంటికెళ్లే దారంతా ఈల వేశాడు. పళ్ల సందులోంచి ఈల సరిగ్గా రాలేదు, అయినా వేశాడు.

ఇంట్లో అద్దం ముందు పెదవి ఎత్తి చూసుకున్నాడు. చిగుళ్లు తెల్లగా, బిగిసి ఉన్నాయి. వేలికి ఉప్పు అద్దుకుని గట్టిగా రుద్దాడు. చుక్క నెత్తురు లేదు.

"ఇలా రావే తూబా, చూడు. వాడి నోరు పుండు. నా నోరు రాయి."

తూబా దీపం కిందికి లాగి చూసింది. "రంగు బాలేదయ్యా. పాచి గోడలా ఉంది. వాసన కూడా వస్తోంది."

"వాసన హుక్కాది."

"హుక్కాది కాదు. కుళ్లుది. నీ కుళ్లు ఇన్నాళ్లూ కడుపులో ఉండేది. ఇప్పుడు నోట్లోకెక్కింది."

నుస్రత్ ఆ మాట లెక్కచేయలేదు. టీ కొట్టులో కూర్చుని కొత్త పాఠం మొదలెట్టాడు. "మానేసినోడి నోట్లో నెత్తురు. తాగేవాడి నోరు చూడండి, రాయి. ఇక మీరే చెప్పండి ఏది ఆరోగ్యమో." విన్నవాళ్లు నవ్వి, మనసు కుదుటపడి ఇంకో దమ్ము లాగారు. చెప్పే మాట అందరికీ తియ్యగా ఉంటే సాక్ష్యం ఎవరడుగుతారు?

కానీ యదుల్లా కమాను కింద జనం తగ్గలేదు. "యదుల్లా మానగలిగాడు, నుస్రత్ వల్ల కాలేదు" అని బజారులో ఎవరో అన్నారు. అది గునపంలా దిగింది. అప్పుడే అల్లుడు సియామక్ కీష్ ద్వీపం నుంచి ఒక వేప్ గొట్టం తెచ్చిచ్చాడు.

"పొగ కాదు మామా, ఆవిరి. పుచ్చకాయ వాసన. ఇది లాగితే తాగినట్టు కాదు."

నుస్రత్‌కు కావలసింది ఆ ఆఖరి మాటే. మర్నాటి నుంచి ఎవరడిగినా "నేనూ మానేశాను" అన్నాడు. గొట్టం కోటు జేబులో ఉండేది. పని మధ్యలో, వీధి మలుపులో, ఆఖరికి మరుగుదొడ్లో కూడా లాగేవాడు. హుక్కాకైతే కూర్చోవాలి, నిప్పు రాజేయాలి. దీనికి ఏదీ అక్కర్లేదు. కాబట్టి ఇదివరకటి కంటే ఎక్కువే లాగాడు. నోరు పిడచగట్టేది. నాలుక అంగిలికి అంటుకునేది. నై పట్టుకుంటే ఎండాకాలపు గాలి తప్ప ఏదీ వచ్చేది కాదు.

"మానేసినోడి జేబులో పుచ్చకాయ వాసనేంటయ్యా?" అంది తూబా.

"ఎండలు కదా."

ఉస్తాద్ వర్ధంతి వేసవి చివర వస్తుంది. ఆయన కూతురు బద్రీ ఖానం ఇంటి పెరట్లో ఏటా శిష్యులంతా చేరతారు. ఉస్తాద్ వాయించిన నై ఆమె దగ్గరే ఉంది. ఆ ఒక్క రోజే గుడ్డ విప్పి బయటికి తీస్తుంది. పెద్ద శిష్యుడు దాంతో మొదటి రాగం వాయించాక మిగతావాళ్లు అందుకుంటారు. ఇన్నాళ్లూ ఆ పెద్ద శిష్యుడు సఫరలీ. అతను పండుగకు ముందు చలికాలంలోనే పోయాడు. ఈ ఏడు ఆ నై ఎవరి చేతికిస్తే ఇక బతికినన్నాళ్లూ ఆ మొదటి రాగం వాళ్లదే. బద్రీ ఖానం మనసు యదుల్లా మీద ఉందని అందరూ అనుకుంటున్నారు.

నుస్రత్‌కు అన్నం సహించలేదు. ఉస్తాద్ ఉన్నప్పుడు ఆహా వాడికే. ఉస్తాద్ పోయాక నై కూడా వాడికేనా?

బద్రీ ఖానం కళాయికిచ్చిన రాగి గిన్నె తయారుగా ఉంది. దాన్ని పట్టుకుని ఆమె గుమ్మంలోకెళ్లాడు.

"ఖానం, మీ చెవిన ఒక మాట వేద్దామని. యదుల్లా నాకు సొంత తమ్ముడితో సమానం."

"తమ్ముణ్ని మెచ్చుకోడానికి పొద్దున్నే ఎవరూ రారు. విషయం చెప్పు."

"అతని నోట్లో నెత్తురు కారుతోంది. నా కళ్లతో చూశాను. నెత్తురు మైల కదా. ఉస్తాద్ ముఖం, చేతులు కడుక్కోందే ఆ నైని ముట్టుకునేవారు కాదు. దానికి మైల అంటితే..."

బద్రీ ఖానం ఒక్క పూట నమాజు తప్పని మనిషి. గిన్నె తిరగేసి అడుగు చూసింది.

"నీ నోట్లో?"

"చుక్క లేదు. కావాలంటే చూడండి." నోరు తెరిచాడు.

ఆమె చూడలేదు. "మూసుకో. సరే, నువ్వే వాయించు."

మెట్లు దిగుతుంటే మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు. యదుల్లా మొహం ఎలా మాడుతుందో దారి పొడుగునా ఊహించుకున్నాడు. ఆ మొహం మాడలేదు. సంగతి తెలిశాక యదుల్లా ఒక గజ్ మిఠాయి డబ్బా పంపించాడు, శుభాకాంక్షలని. సుత్తితో కొడితే గానీ పగలని మిఠాయి.

"చూశావా" అన్నాడు నుస్రత్ పెళ్లాంతో. "నా పన్ను ఊడాలనే పంపాడు."

"నీ పన్ను ఊడేలా ఉందని వాడికెలా తెలుసు?"

నుస్రత్ డబ్బా ఆమె వైపు తోశాడు. డబ్బా మొత్తం తూబాయే తినేసింది.

వర్ధంతి రోజు పెరట్లో నీటి తొట్టి చుట్టూ తివాచీలు పరిచారు. ఖర్జూరాలు, హల్వా, టీ. నుస్రత్ గడ్డం గీయించుకుని, కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. యదుల్లా వెనక ఎక్కడో తలుపు దగ్గర కూర్చున్నాడు. అది చూసి నుస్రత్ వెన్ను ఇంకాస్త నిటారుగా అయింది.

బద్రీ ఖానం గుడ్డ విప్పింది. నైని రెండు చేతులా అందించింది. నుస్రత్ రెండు చేతులా అందుకున్నాడు. అంచు చూశాడు. ఇత్తడి కట్టు గోరంత పలచగా ఉంది.

ఈ నై ఎవరిదవుతుందా అని ఇన్ని నెలలు నిద్ర మానుకున్నాడు. అది తన నోట్లో నిలుస్తుందా అని ఒక్కసారి అనుకోలేదు.

పళ్ల మధ్య పెట్టాడు. ఆగలేదు. సందులోంచి జారి ఇత్తడి చిగురుకు తగిలింది. పెదవితో బిగించి పట్టి ఊదాడు. ఖాళీ సీసాలో గాలి పోయిన చప్పుడు. పొద్దున ఆవిరి గొట్టం రెండు సార్లు లాగి వచ్చాడు, నోట్లో తడి లేదు, నాలుక కదలనంది. మళ్లీ పెట్టి ఈసారి పళ్లతో గట్టిగా కరిచాడు. ఎడమ పన్ను తలుపు రెక్కలా పక్కకు వాలింది. నై జారి ఒళ్లో పడింది.

ఎవరో దగ్గారు. టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"యదుల్లా, నువ్వు రా. దీన్ని తీసుకో" అంది బద్రీ ఖానం.

"నేనొద్దు ఖానం. నా నోట్లో నెత్తురుందట కదా." యదుల్లా గొంతులో కోపం లేదు. "నాది నేను తెచ్చుకున్నాను."

తలుపు దగ్గర కూర్చునే వాయించాడు. నుస్రత్ ఎక్కడ ఆగాడో అక్కణ్నుంచే అందుకున్నాడు, మధ్యలో విరిగిందని తెలియకుండా. తిట్టినా బాగుండేది. నుస్రత్ ఒళ్లో ఉస్తాద్ నై పెట్టుకుని యదుల్లా నై వంకే చూస్తున్నాడు. దాని ఇత్తడి కట్టు ఎండకు తళుక్కుమంటోంది. తన చేత్తో తనే వేసిన కట్టు. దాన్ని కొంచెం వంకరగా వేసుంటే పోయేది కదా అనిపించింది.

జనం లేచాక యదుల్లా వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"నోరు తెరువు."

"నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?"

"గుర్రం బేరగాణ్ని. తెరువు."

నుస్రత్ తెరిచాడు. యదుల్లా చూసి, చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. "పద. డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉంటుంది."

డాక్టరమ్మ పేరు గుల్నూష్. చిన్న వయసు, చేతులు నిదానం. సన్నని పుల్లలాంటిది చిగురు పక్కన దించింది. అది దిగుతూనే పోయింది.

"నొప్పి ఉందా ఆఘా?" అని మర్యాదగా అడిగింది.

"లేదు."

"ఉంటే బాగుండేది. పొగ తాగుతారా?"

"మానేశాను."

"జేబు చూడండి డాక్టరమ్మా" అన్నాడు యదుల్లా, కుర్చీ వెనక నుంచి. "పుచ్చకాయ తోట ఉంది."

నుస్రత్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏదైతేనేం. నా చిగుళ్లలోంచి ఒక్క చుక్క నెత్తురు రాదు. అతనికి రోజూ వస్తుంది." ఇప్పటికీ ఆ మాటలో కాస్త గర్వం ఉంది.

డాక్టరమ్మ పుల్ల పక్కన పెట్టింది. "అదే ఆఘా మిమ్మల్ని ముంచింది. చిగురు జబ్బు పడితే నెత్తురు రావాలి. అది ఇంటి కుక్క అరుపు లాంటిది. పొగ ఏం చేస్తుందంటే, చిగుళ్లలో నెత్తురు పారే దారులు బిగించేస్తుంది. అంటే కుక్క మూతి కట్టేస్తుంది. దొంగ లోపలే ఉన్నాడు, ఎముక తవ్వుకుపోతున్నాడు, మీరేమో ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదా అనుకున్నారు. ఆయన పొగ మానేశారు, కట్టు ఊడింది, కుక్క అరిచింది. భయపడి నా దగ్గరికొచ్చారు. అంత నెత్తురూ ఇప్పుడు తగ్గిపోయింది."

"తగ్గిపోయిందా?" నుస్రత్ తల తిప్పి యదుల్లా వంక చూశాడు.

"నెల దాటింది" అన్నాడు యదుల్లా.

"మరి ఈ గొట్టంలో పొగ లేదు కదా?"

"పొగ లేదు, నికోటిన్ ఉంది. కుక్క మూతి కట్టే పని అదీ చేస్తుంది. పైగా నోరెండిపోతుంది. ఉమ్మి లేని నోట్లో పళ్లకు కాపలా లేదు."

"పన్ను?"

"ఎడమ పన్ను కింద ఎముక సగం పోయింది. శుభ్రం చేసి, పక్క పన్నుకు తీగతో కట్టి చూస్తాను. నిలుస్తుందని మాటివ్వను. మీరు అన్నీ మానేస్తే మిగతావి మిగులుతాయి. మానకపోతే అవీ దీని వెనకే పోతాయి."

"నై వాయించొచ్చా?"

"నై సంగతి నాకు తెలీదు ఆఘా. పన్ను సంగతే తెలుసు. ఇప్పట్లో మాత్రం వద్దు. రేపు పొద్దున రండి. మొదటి వంతు యదుల్లా ఆఘాది, ఆయన తర్వాత మీది."

బయటికొచ్చి ఇద్దరూ నడిచారు.

"ఖానంకి చెప్పింది నువ్వేగా?" అన్నాడు యదుల్లా.

"నేనే."

"నా నోట్లో నెత్తురు చూసినప్పుడు సంతోషమేసిందా?"

నుస్రత్‌కు అబద్ధం ఏదీ దొరకలేదు. "వేసింది."

"ఎంత?"

"ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను."

యదుల్లా తల ఊపాడు. "నాకూ ఇవాళ వేసిందిలే, నీ చేతిలోంచి నై జారినప్పుడు. ఈల వేసేంత కాదు. కానీ వేసింది."

నుస్రత్‌కు ఆ మాటతో ఎందుకో ఊపిరాడింది. అంతలోనే, చూశావా, ఈ మాట కూడా ముందు వీడికే తోచింది అనిపించింది.

ఇంట్లో జేబులోంచి గొట్టం తీసి తూబా ముందు పెట్టాడు. ఆమె దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి సుత్తితో రెండు దెబ్బలేసి చెత్తలో పారేసింది. ఆ రాత్రంతా నుస్రత్ చెయ్యి ఏం చేయాలో తెలియక జేబులోకి పోతూనే ఉంది.

మరునాడు పొద్దున తూబా లేవకముందే లేచాడు. పళ్లు మెల్లగా తోముకున్నాడు. టీ కూడా తాగకుండా నడిచి వెళ్లి, ఇంకా షట్టర్ ఎత్తని డాక్టరమ్మ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ ఎదురింటి గోడ దిగేవేళకు యదుల్లా వచ్చాడు.

"ఏంట్రా ఇంత పొద్దున్నే? మొదటి వంతు నాది కదా."

"నీ పళ్లు బాగున్నాయిగా. ఆగు."

షట్టర్ లేచింది. యదుల్లా అడుగు ముందుకెయ్యకుండా చెయ్యి అడ్డం పెట్టి, నుస్రత్ లోపలికి పోయి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.